కలుపుకున్నవారికి కలుపుకున్నంత

టోక్యోలో కొన్ని చిన్న నూడుల్స్ దుకాణాల్లో కూర్చోగానే కౌంటర్ మీద ఒక కాగితం కనబడుతుంది. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి ఉంటుంది, అంచులకు నూనె మరకలు. ధరల పట్టిక కాబోలు అనుకుంటాం. తీరా చూస్తే, రాబోయే గిన్నెను ఎలా తినాలో చెప్పే కాగితం అది. ముందు వెనిగర్ పొయ్యండి, మిరప నూనె పొయ్యండి. అడుగు నుంచి బాగా కలపండి. చల్లారకముందే తినండి. జపనీస్ చదవలేనివాళ్ల కోసం కొన్నిచోట్ల పక్కన బొమ్మలు కూడా వేస్తారు.

అన్నప్రాశన నాటి నుంచి చేస్తున్న పనిని ఒకరు కాగితం మీద పెట్టి నేర్పాలా అని నవ్వొస్తుంది. గిన్నె వచ్చాక మాత్రం కళ్లు మళ్లీ ఆ కాగితం మీదికే వెళ్తాయి.

ఆ తిండి పేరు అబురా సోబా, నూనె నూడుల్స్. రామెన్ అనగానే మనసులో మెదిలే పొగలు కక్కే సూప్ ఇందులో చుక్క కూడా ఉండదు. సోబా అన్నారు గానీ, ఆ మాటకు అసలు హక్కుదారైన బక్‌వీట్ పిండి కూడా ఉండదు. ఇవి గోధుమ నూడుల్సే. వాటి పసుపు రంగు, సాగే గుణం గుడ్డు వల్ల వచ్చాయనుకుంటాం. చాలావరకు అది పిండి తడిపేటప్పుడు వాడే క్షారపు నీళ్ల మహిమ.

ఇలాంటి దుకాణాలు ఎక్కువగా రైల్వే స్టేషన్ల వెనక సందుల్లోనో, కాలేజీల పక్కనో ఉంటాయి. గుమ్మానికి పొట్టి గుడ్డ తెర. లోపలికి అడుగుపెడితే ముందు ఎదురయ్యేది మనిషి కాదు, టికెట్ మిషన్. డబ్బులు వేసి మీట నొక్కితే ఓ చిన్న చీటీ బయటికి వస్తుంది. దాన్ని కౌంటర్ మీద పెడితే చాలు. బిల్లు కోసం ఎదురుచూపులు లేవు. టిప్పు ఎంత పెడితే బాగుంటుందన్న మథనం అసలే లేదు, అక్కడ ఆ అలవాటే లేదు కాబట్టి.

ఎనిమిదో పదో స్టూళ్లు. కొన్నిచోట్ల కాళ్ల దగ్గర సంచి పెట్టుకోవడానికి ఓ బుట్ట. మంచినీళ్లు మనమే వంచుకోవాలి. భుజాలు కాస్త దగ్గరికి లాక్కుంటే పక్కవాడి మోచేయి తగలదు, అంతే చోటు. చాలా దుకాణాల్లో మామూలు గిన్నెకీ పెద్ద గిన్నెకీ ఒకే ధర. ఎంత ఆకలిగా ఉందో నువ్వే చెప్పు అన్నట్టుంటుంది. కుర్రాళ్లు మొహమాటం లేకుండా పెద్దదే అడుగుతారు. యాభై దాటినవాళ్లు ఓ క్షణం ఆగి, పొట్ట వంక చూసుకుని, మామూలుదే చాలంటారు.

గిన్నె ముందుకొచ్చాక, ఏదో మర్చిపోయి పంపించారేమో అనిపిస్తుంది. లావుపాటి నూడుల్స్, వాటి మీద చాషూ అనే పంది మాంసం ముక్కలు, పులియబెట్టిన వెదురు మొలకలు, తరిగిన ఉల్లికాడలు, సముద్రపు నాచు రేకు ఒకటి. తడి అన్నదే కనబడదు. అసలు సంగతి అడుగున ఉంది. సోయా సాస్, పంది కొవ్వో నువ్వుల నూనో కలిపిన నల్లటి పాకం కాస్త గిన్నె అడుగున పోసి, నీళ్లు వార్చేసిన నూడుల్స్ దాని మీద పడేస్తారు. కలపకుండా పైపైన లాగి తింటే చప్పిడి పథ్యం తిన్నట్టే. వంటవాడు పని దాదాపుగా పూర్తి చేసి, చివరి మెట్టు దగ్గర మన చేతికి అప్పగించి తప్పుకున్నాడు.

ఇక వెనిగర్, మిరప నూనె. వాటికి చెంచా లెక్క లేదు, చుట్ల లెక్క. సీసా వంచి గిన్నె చుట్టూ సన్నటి ధారగా ఒక చుట్టో రెండు చుట్లో తిప్పమంటారు. పెద్ద గిన్నె అయితే ఇంకో చుట్టు. చెయ్యి నెమ్మదిగా తిరిగితే ఎక్కువ పడుతుంది, గబగబా తిరిగితే తక్కువ పడుతుంది. ధార లావైతే ఇక చెప్పనే అక్కర్లేదు. కొలత చెప్పినట్టే చెప్పి, అసలు కొలతను మన మణికట్టుకే వదిలేశారన్నమాట.

తర్వాత కలపడం. మొహమాటపడుతూ పైపైన కెలికితే కుదరదు. చాప్‌స్టిక్ పుల్లల్ని అడుగుదాకా దించి, కింద ఉన్నది పైకి, పైన ఉన్నది కిందికి, నాలుగైదుసార్లు తిరగెయ్యాలి. అంత అందంగా సర్దిన గిన్నెను చేజేతులా పాడుచేస్తున్నామే అని ప్రాణం కాస్త ఉసూరుమంటుంది. కలుపుతుండగానే పసుపు నూడుల్స్ గోధుమ రంగుకు తిరుగుతాయి. వేయించిన నువ్వుల వాసన గుప్పున లేస్తుంది, దాని వెనకాలే వెనిగర్ ఘాటు ముక్కును తాకుతుంది. తడి తడిగా ఓ చప్పుడు. పక్క స్టూళ్ల నుంచి కూడా అదే చప్పుడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పన, కొవ్వు, పులుపు విడివిడిగా తెలుస్తాయి. నాలుగో ముద్దకు అన్నీ ఒకటైపోతాయి. జుర్రుకుంటూ తినడం అక్కడ తప్పు కాదు, అదే పద్ధతి. సగం తిన్నాక కొందరు వెల్లుల్లి ముద్ద వేసుకుంటారు, కొందరు తరిగిన ఉల్లిపాయలు. అప్పుడు అదే గిన్నె ఇంకో గిన్నె అవుతుంది. పేరులోనే నూనె ఉన్నా, సూప్ తాగం కాబట్టి రామెన్ కంటే ఇది తేలికని కొన్ని దుకాణాలవాళ్లు రాసి మరీ చెబుతారు. రెండో రోజు కూడా తినాలనుకునేవాళ్లకు ఎంతో నమ్మాలనిపించే మాట అది.

ఈ తిండి పుట్టింది 1950లలో, టోక్యోకు పడమటి వైపున్న మూసాషినో, కునితాచీ ప్రాంతాల్లో. హితోత్సుబాషి విశ్వవిద్యాలయం ఉన్న కునితాచీలో ‘సాంకో’ అనే దుకాణం, ఆసియా విశ్వవిద్యాలయం దగ్గర మూసాషినోలో ‘చిన్‌చిన్‌తెయ్’ అనే దుకాణం, మొదట చేసింది ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ రెండు పేర్లూ వినిపిస్తాయి. తాగేటప్పుడు నంజుకోవడానికి ఏదైనా చెయ్యమంటే పుట్టిందని ఒక కథ ఉంది. సూప్‌లో వేస్తే నూడుల్స్ నానిపోతాయి. కబుర్లు చెప్పుకుంటూ తాగేవాడికి నానిపోని నూడుల్స్ కావాలి. రెండు దుకాణాల కథల్లోనూ విద్యార్థులు ఉన్నారు, ఆకలి ఉంది, జేబులో డబ్బులు తక్కువ. అంతకంటే రుజువులు అడగాలని నాకనిపించదు.

యుద్ధం ముగిసి పట్టుమని పదేళ్లు కాలేదు అప్పటికి. బియ్యం కరువు. అమెరికా నుంచి గోధుమ పిండి దిగింది. చైనా నుంచి తిరిగొచ్చిన జపానీయులు బళ్లు పెట్టి నూడుల్స్ అమ్ముకుని బతికారు. ఈ రోజు లోకమంతా తిరుగుతున్న రామెన్ అలా కాళ్లూనుకున్నదే. ఎముకల్ని గంటల తరబడి మరిగించి సూప్ తీయడానికి పెద్ద డేగిసాలు కావాలి, గ్యాసు కావాలి, తెల్లవారకముందే లేచే మనిషి కావాలి. సూప్ లేని గిన్నెకు ఇంత తంటా లేదు. చిన్న కొట్టుకు చిన్న పొయ్యి చాలు.

జపాన్‌లో ఇలా వంటింటి వెనక పుట్టి ముందుగదిలోకి వచ్చిన నూడుల్స్ ఇంకా ఉన్నాయి. నూడుల్స్‌ను విడిగా సూప్‌లో ముంచుకు తినే త్సుకెమెన్‌ను 1955లో అమ్మకానికి పెట్టింది తైషోకెన్ దుకాణానికి చెందిన కజువో యమగిషి. అంతకుముందు అది పనివాళ్లు మిగిలిన నూడుల్స్‌తో కానిచ్చే భోజనం. పక్కనుంచి చూసిన ఓ కస్టమర్ నాకూ పెట్టమన్నాడట. నగొయాలో 2008లో ‘మెన్యా హనబి’ వాళ్లు తెచ్చిన, సూప్ లేకుండా కలుపుకు తినే తైవాన్ మజెసోబాదీ అలాంటి కథే. రామెన్ కోసం చేసిన కారపు కైమా సూప్‌లో కుదర్లేదు. పారెయ్యబోతుంటే, ఉత్త నూడుల్స్ మీద వేసి చూద్దాం అని అక్కడ పనిచేసేవాళ్లలో ఒకరు అన్నారట. ఇప్పుడు దాని కోసం వరస కడుతున్నారు. పేరులో తైవాన్ ఉంది గానీ అది తైవాన్‌లో పుట్టింది కాదు. మైసూర్ బజ్జీ తినేవాళ్లం, మనం అడగకూడదు.

కలపడం దగ్గరికి మళ్లీ వద్దాం. నూడుల్స్ గురించి తెలియకపోయినా కలపడం గురించి తెలుగువాడికి ఒకరు చెప్పక్కర్లేదు. వేడివేడి అన్నంలో ఆవకాయ కలుపుకునేవాడిని చూడండి. అన్నం ఎంత, పిండి ఎంత, ఊట ఎంత, దాని మీద వెన్నో నెయ్యో ఎంత అన్నది వేళ్లకే తెలుసు. ఒకే జాడీ, ఒకే కుండలో అన్నం, పంక్తిలో కూర్చున్న ఐదుగురి కంచాల్లో ఐదు రంగులు. ఒకరిది ఎర్రగా మండుతుంటుంది, ఇంకొకరిది లేత గులాబీ. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నది ఊరికే కాదు. విస్తరి మూల ఇంత ఉప్పు వడ్డించే ఆచారంలోనూ ఆ మన్ననే ఉందనిపిస్తుంది. వండినవాళ్లు ఉప్పు మర్చిపోయి కాదు, నీ నాలుక సంగతి నాకేం తెలుసు, నువ్వే చూసుకో అనడం అది.

అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర ఒకరు ఇంకొకరికి కలిపి పెడతారు. పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, పెద్ద పళ్లెంలో కలిపి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముద్ద పెట్టిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లం చాలామందిమి. ఆ ముద్ద రుచి ఎవరికి వారు కలుపుకున్నప్పుడు రాదు. అవే పాళ్లు, అదే ఆవకాయ, అయినా రాదు. ఎందుకు రాదని పరిశోధించినవాళ్లు లేరు, అవసరమూ లేదు.

నూనె నూడుల్స్ కౌంటర్ దగ్గర ఎవరి గిన్నె వారిదే. పక్కవాడి గిన్నెలో పుల్ల పెట్టడం ఊహకైనా రాదు. కానీ ఓ మధ్యాహ్నం ఓ తండ్రి నాలుగైదేళ్ల కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, తన గిన్నె అంతా కలిపి, మిరప నూనె వెయ్యకుండా కాసిని నూడుల్స్ చిన్న గిన్నెలోకి తీసి, ఊది, వాడి ముందు పెట్టడం చూశాను. పిల్లాడు దాన్ని మళ్లీ మొదటి నుంచి కలపడం మొదలెట్టాడు. కాగితంలో బొమ్మ చూసి కాబోలు.

అక్కడ కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఒంటరిగానే వస్తారు. 2020 నాటి జపాన్ జనాభా లెక్కల ప్రకారం నూటికి 38 ఇళ్లలో ఒక్కరే ఉంటున్నారు. ఆ అంకెను పట్టుకుని దిగులుపడేవాళ్లు పడుతూనే ఉన్నారు. కౌంటర్ దగ్గర మాత్రం ఆ దిగులు కనబడదు.

మన హోటళ్లలో ఒక్కరే వెళ్లి భోంచెయ్యడం గుర్తుచేసుకోండి. “ఎంతమంది సార్?” అని సర్వర్ అడిగితే “ఒక్కణ్ణే” అనేటప్పుడు గొంతు అర అంగుళం తగ్గుతుంది. నలుగురి బల్ల ఒక్కరమే ఆక్రమించామన్న సంకోచం. ఇంట్లో ఊరెళ్లారేమో పాపం అన్నట్టు చూసే పక్క బల్లవాళ్లు. ఇక ఆడవాళ్లు ఒక్కరే వెళ్తే ఆ చూపులకు అంతే ఉండదు. అందుకే కూర్చోగానే ఫోను తీసి దాని చాటున దాక్కుంటాం.

నన్నడిగితే, ఆ ఒంటరితనమంతా ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ నుంచి వస్తుంది. ఎవరో రావాల్సి ఉండి రానట్టు ఉంటుంది ఆ కుర్చీ. కౌంటర్ దగ్గర అది లేదు. ఎదురుగా వంటవాడు, అతని వెనక ఉడుకుతున్న నీళ్లు. పక్కన తనలాగే ఒక్కడిగా వచ్చినవాడు. పైగా ఒక చేత్తో గిన్నె పట్టుకోవాలి, ఇంకో చేత్తో కలపాలి. ఫోను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఆ కాసేపు దాన్ని బోర్లా పెట్టక తప్పదు.

ఒంటరి భోజనం మీద ఆ దేశంలో ఓ కామిక్ కథే ఉంది. మసయుకి కుసుమి రాయగా జిరో తనిగుచి బొమ్మలు వేసిన ‘కొదోకు నో గురుమే’ 1994లో మొదలైంది, 2012 నుంచి టీవీలో వస్తోంది. కథంటూ ఏమీ లేదు. గోరో అనే ఓ మధ్యవయసు వ్యాపారి పనిమీద ఏదో పేటకు వెళ్తాడు. ఆకలేస్తుంది. హోటల్ వెతుక్కుంటాడు. తింటాడు. ఏమనిపిస్తోందో లోపల్లోపలే అనుకుంటాడు. హత్యలు లేవు, అత్తాకోడళ్లు లేరు. అయినా జనం ఏళ్ల తరబడి చూస్తున్నారు. బాగా ఆకలేసినవాడు ఇష్టంగా తింటుంటే చూడటంలో ఏదో తృప్తి ఉంది. వడ్డించే చేతులకు ఆ తృప్తి ఎప్పటి నుంచో తెలుసు.

రామెన్ అంటే కొంత భయభక్తులు ఉంటాయి. 1985లో జూజో ఇతామీ తీసిన ‘తంపోపో’ సినిమాలో ఓ పెద్దాయన, గిన్నెను ముందు కళ్లతో ఎలా చూడాలో, మాంసం ముక్కను పుల్లతో ఎలా పలకరించాలో శిష్యుడికి బోధిస్తాడు. నవ్విస్తూనే, నిజమే కదా అనిపించే సన్నివేశం. తన సూప్‌లో ఏం కలిపినా నొచ్చుకునే పెద్ద వంటవాళ్లు ఉంటారు, వాళ్ల కష్టం అలాంటిది. నూనె నూడుల్స్ కొట్టువాడికి ఆ పట్టింపు లేదు. నీకెలా కావాలంటే అలా తిను అని సీసాలన్నీ మన ముందే పెట్టేస్తాడు. కానీ పట్టించుకోడని అనుకోవద్దు. గిన్నెలు కడుగుతూనే ఓ కంట చూస్తుంటాడు. కొత్తవాడు సరిగ్గా కలపకుండా తినబోతుంటే, గాలిలోనే చెయ్యి తిప్పి చూపిస్తాడు. ఇంకా, ఇంకా అని. ఆ సైగకు ఏ భాషా అక్కర్లేదు.

రోజూ వచ్చే ముసలాయనకు కాగితం అక్కర్లేదు, చుట్లూ అక్కర్లేదు. సీసా మూత తియ్యడం, వంచడం, పెట్టెయ్యడం ఒకే ఊపులో అయిపోతాయి. ఆయన గిన్నెలో వెనిగర్ మనం తాగలేనంత ఉంటుందేమో. లేక అస్సలు లేదేమో. అది ఆయనకీ ఆ గిన్నెకీ మధ్య సంగతి. తిన్నాక గిన్నెను కౌంటర్ మీది గట్టు మీదికి తనే ఎత్తి పెట్టి, తన ముందు చోటు గుడ్డతో తుడిచి, “గోచిసోసామా” అని తిండికి కృతజ్ఞత చెప్పి లేస్తాడు. అంతలోనే ఆ స్టూలు మీద ఇంకొకరు.

అదే టోక్యోలో తూర్పున, మనవాళ్లు ఉండే నిషికసాయి అనే పేట ఉంది. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్ల తేదీలు తలకిందులవుతాయని ప్రపంచం కంగారుపడిన రోజుల్లో మన దేశం నుంచి ఇంజనీర్లు వెళ్లి అక్కడ స్థిరపడటం మొదలైంది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అప్పట్లో ఇండియా అంటే కూర అన్నం తప్ప తెలియని టోక్యోవాళ్లలో, 2022లో విడుదలైన ‘ఆర్‌ఆర్‌ఆర్’ నెలల తరబడి ఆడాక నాటు నాటు అని పలకరించేవాళ్లు కూడా తయారయ్యారు. మనవాళ్లలో శాకాహారులకు మాత్రం ఈ గిన్నెతో ఇప్పటికీ కష్టమే. చాషూ ముక్క తీసి పక్కన పెడితే సరిపోతుందిలే అనుకుంటారు గానీ, అడుగునున్న పాకంలో పంది కొవ్వు ఉండొచ్చు, చేప రసమూ ఉండొచ్చు. అడుగుదాకా కలపమన్న తిండిలో పైపైన ఏరుకుంటే ఏం లాభం?

అలాంటివాళ్లు ఇంట్లో చేసుకుంటారు. గోధుమ నూడుల్స్, సోయా సాస్, వెనిగర్, నువ్వుల నూనె ఉంటే చాలు. ఒక్క చిక్కు నూనె దగ్గరే. మనం ఆవకాయలో పోసే పప్పునూనె పచ్చి నువ్వుల్ని ఆడించింది, వాసన నెమ్మది. జపాన్‌వాళ్లది నువ్వుల్ని బాగా వేయించి తీసింది, రంగు ముదురు, ఘాటూ ఎక్కువే. ఊరి నుంచి తెచ్చుకున్న సీసాలోది పోసి కలిపితే ఇదేదో మన తాలింపు సేమియాలా ఉందని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. తినేది మాత్రం ఆపరు.

మాంసం తినేవాళ్లకు నగొయా పద్ధతిలో ఇంకో ముచ్చట ఉంది. నూడుల్స్ అయిపోయాక గిన్నె అడుగున కారపు కైమా, సాస్, గుడ్డు సొన కాస్త మిగులుతాయి. అడిగితే అందులోకి గరిటెడు అన్నం వేస్తారు, చాలాచోట్ల డబ్బులు కూడా తీసుకోరు. పక్కన ఓ చెంచా పెడతారు. నూడుల్స్‌తో సగమే నిండిన తెలుగువాడి పొట్ట అప్పుడు నిమ్మళిస్తుంది. గిన్నెలో అన్నం, అడుగున ఎర్రటి నూనె, కుడి చెయ్యి ఊరికే ఉంది. అటొకసారి ఇటొకసారి చూస్తాడు. ఎవరూ చూడటం లేదు. వంటవాడు కూడా అటు తిరిగి ఉన్నాడు. అయినా మొహమాటపడి చెంచాయే తీసుకుంటాడు.